బోర్డు మీద ఏం రాసి ఉన్నా, రిజిస్టర్‌లో పేరుందో లేదో చూడండి

ముందు ఒక విషయం తేల్చుకుందాం. డిగ్రీ యూనివర్సిటీ ఇస్తుంది గానీ డాక్టర్, అడ్వకేట్, సీఏ లాంటి పేర్లు వాడుకునే హక్కు యూనివర్సిటీ ఇవ్వదు. ఎల్‌ఎల్‌బీ పాసైనంత మాత్రాన అడ్వకేట్ అయిపోరు. పదిహేనేళ్లుగా ఆడిటర్ ఆఫీసులో లెక్కలన్నీ ఒంటిచేత్తో చూస్తున్నాయన కూడా సీఏ ఫైనల్ గట్టెక్కకపోతే సీఏ కాడు. విదేశంలో ఎంబీబీఎస్ పూర్తిచేసి నిన్నగాక మొన్న శంషాబాద్‌లో దిగిన అమ్మాయి కష్టపడి చదివిందే, అయినా ఇక్కడ వైద్యం చేసే హక్కు ఆమెకి ఇంకా రాలేదు. ముగ్గురి విషయంలోనూ అడగాల్సింది ఒకటే: చట్టప్రకారం నడిచే రిజిస్టర్‌లో పేరుందా, ఉంటే నంబరెంత?

మన దగ్గర ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఇంత పెద్ద బోర్డు పెట్టుకుని కూర్చున్న మనిషిని నీ నంబరేది అని అడిగితే ఏమనుకుంటాడో అని. ఏమీ అనుకోడు. నిజంగా రిజిస్టరైనవాళ్లకి ఆ నంబరు నోటికి వచ్చి ఉంటుంది, రోజూ సంతకం కింద వేసేదే కదా. అడగ్గానే మొహం మాడ్చుకునేవాళ్ల దగ్గరే ఇంకాస్త ఆగి చూడాలి. ఆరోగ్యం, పొలం తగాదా, ఇంటి ప్లాను, పిల్లల వీసా కాగితాలు, ఇవన్నీ ఒకళ్ల చేతిలో పెట్టే ముందు రెండు నిమిషాలు వెచ్చించడంలో తప్పేమీ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అన్ని పేర్లకీ ఒకే రూలు లేదు. కొన్ని వృత్తుల్లో పనీ పేరూ రెండూ రిజిస్టరైనవాళ్లకే. వైద్యం, కోర్టులో వాదించడం ఇలాంటివి. ఆర్కిటెక్ట్ లాంటి వాటిలో పేరుకి మాత్రమే రక్షణ ఉంది, పని ఎవరైనా చేయొచ్చు. ఇక ఇంజనీర్, కన్సల్టెంట్, కోచ్, జర్నలిస్ట్, వీటికి మన దేశంలో రిజిస్టర్ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. మీ ఎదుట ఉన్న మనిషి ఈ మూడు రకాల్లో ఎందులోకి వస్తాడో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

డాక్టర్ అయితే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అందుకే దీని మీదే ఎక్కువ చెబుతాను. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లో సెక్షన్ 34 చూడండి. రాష్ట్ర రిజిస్టర్‌లో గానీ జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు లేనివాళ్లు ఆధునిక వైద్యం చేయకూడదు, మెడికల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకూడదు. మీరితే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎలా చూడాలంటే, మొదట మందుల చీటీ చేతిలోకి తీసుకోండి. పైన పేరు, పక్కన డిగ్రీలు, ఆ కిందో సంతకం దగ్గరో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇది డాక్టర్లు దయతలచి వేసేది కాదు, 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బు కట్టిన రసీదు మీద కూడా వేయాలి. నంబరు దొరికాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడ దొరక్కపోతే నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ అని ఉంటుంది, పేరుతో గానీ నంబరుతో గానీ వెతకొచ్చు. 2014 విభజనకి ముందు రిజిస్టరైన హైదరాబాద్, వరంగల్ డాక్టర్లు ఇప్పటికీ పాత ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ కింద కనిపించవచ్చు, కాబట్టి ఒకచోట లేరని వెంటనే అనుమానించొద్దు.

నంబరు దొరికిందని అక్కడితో ఆగిపోవద్దు. వేరేవాళ్ల నంబరు వేసుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు. రిజిస్టర్‌లో పూర్తి పేరు, తండ్రి పేరు, ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరం పట్టా అని కనబడుతుంది. బోర్డు మీది మనిషికి చూడబోతే ముప్ఫై ఏళ్లు, రిజిస్టర్‌లో పట్టా 1984ది అయితే ఆ నంబరు ఆయనది కాదని అర్థం చేసుకోవడానికి ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

డిగ్రీలు చదవడం కూడా కొంచెం నేర్చుకోండి. ఎంబీబీఎస్ ఉండి రిజిస్టరైతే డాక్టరే, అనుమానం లేదు. కానీ పిల్లల డాక్టర్, గుండె డాక్టర్ అని బోర్డు ఉంటే ఆ విభాగంలో పీజీ ఉండాలి. ఆ ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్ట్‌నని చెప్పుకోవడం అదే నియమావళి ప్రకారం తప్పు. పిల్లలకైతే ఎండీ పీడియాట్రిక్స్ లేదా డీసీహెచ్ (పిల్లల వైద్యంలో డిప్లొమా), గుండెకైతే డీఎం కార్డియాలజీ, చర్మానికైతే ఎండీ డెర్మటాలజీ లేదా దాని డిప్లొమా, ఇలా ఉంటాయి. పీజీ చేసినవాళ్లు దాన్ని కూడా రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకుంటారు, అదీ కనిపిస్తుంది. డిగ్రీల తర్వాత వరసగా ఐదారు ఫెలోషిప్‌లు, లండన్ మెంబర్‌షిప్‌లు రాసి ఉంటే వాటికి మురిసిపోకుండా వెనక్కి వెళ్లి అసలు పీజీ ఏదో చూడండి. మరీ ముఖ్యంగా స్కిన్, హెయిర్ క్లినిక్‌లలో. కాస్మెటాలజిస్ట్, ట్రైకాలజిస్ట్ అన్న బోర్డులు వీధికొకటి కనిపిస్తున్నాయి, ఆ పేర్ల వెనక ఎంబీబీఎస్, డెర్మటాలజీ ఉన్నాయో లేదో తెలుసుకోకుండా మొహం మీద లేజర్ పెట్టించుకోవద్దు.

విదేశీ ఎంబీబీఎస్ సంగతి తెలుగు ఇళ్లలో చాలామందికి అవసరం. రష్యా, జార్జియా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్, ఎక్కడ చదివినా తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకి పెట్టే అర్హత పరీక్ష రాయాలి, 300కి 150 మార్కులు రావాలి, ఆపైన ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి, అప్పుడు గానీ శాశ్వత రిజిస్ట్రేషన్ రాదు. ఈ మధ్యలో ఖాళీగా ఉండటం ఎందుకని చిన్న నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా చేరేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, చేయనివ్వొద్దు. ఒక్క కేసు తేడా వస్తే ఆరేళ్ల చదువు మీద మచ్చ పడుతుంది, తర్వాత రిజిస్ట్రేషన్‌కే అడ్డొస్తుంది. పెళ్లి సంబంధాల బయోడేటాలో డాక్టర్ అని ఉంటే కూడా రిజిస్ట్రేషన్ అయిందా, ఎఫ్‌ఎంజీఈ దశలో ఉన్నారా అని అడగండి. అందులో దాచాల్సింది ఏమీ లేదు, ఆ పరీక్ష రెండు మూడుసార్లు రాసి గట్టెక్కినవాళ్లు చాలామంది మంచి డాక్టర్లుగా ఉన్నారు.

ఇక పల్లెల్లో ఆర్‌ఎంపీలు. చట్టం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని పిలిచేది కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్‌ని. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అనేది సరిగ్గా ఆ రిజిస్టర్‌లో లేనివాళ్లని. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వీళ్లకి శిక్షణ ఇచ్చే కార్యక్రమం మొదలైంది, దాని ఉద్దేశం వాళ్లని ప్రథమ చికిత్స చేసే సహాయకులుగా తయారుచేయడమే, డాక్టర్ హోదా ఇవ్వడం కాదు. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తట్టగానే లేచొచ్చేది ఆయనే అని నాకూ తెలుసు, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ వేళ ఎవరు తీసుకెళ్తారు అన్న ప్రశ్న నిజమైనదే. అందుకే నేను చెప్పేది ఒక్కటే. బీపీ చూడటం, గాయం కడిగి కట్టుకట్టడం, అంబులెన్స్ వచ్చేదాకా తోడుండటం వేరు, స్టిరాయిడ్ ఇంజక్షన్లు, బలమైన యాంటీబయోటిక్‌లు, సెలైన్లు ఎక్కించడం వేరు. బోర్డు మీద ప్రథమ చికిత్స కేంద్రం అని, పేరు ముందు డాక్టర్ అని లేకుండా రాసుకున్న మనిషి తన హద్దు తెలిసినవాడు. పేరు ముందు డా., కింద క్లినిక్, లోపల నాలుగు మంచాలు ఉంటే అది చట్టాన్ని దాటిన వ్యవహారం. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఇలాంటి చోట్ల తనిఖీలు చేసి కేసులు పెట్టిస్తోంది కూడా.

బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్ చేసినవాళ్లని ఈ లెక్కలో కలపకండి, అది అన్యాయం. వాళ్లు ఆయుర్వేదం, హోమియోపతిలో అయిదున్నరేళ్లు చదివి, వాళ్ల బోర్డుల్లో రిజిస్టరైన డాక్టర్లు. డాక్టర్ అని రాసుకునే హక్కుంది, ఏ వైద్యమో కూడా బోర్డు మీద రాయాలి. చిక్కంతా హోమియో డాక్టర్ అల్లోపతి మందులు రాసినప్పుడే వస్తుంది. పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది, తాను చదవని వైద్య విధానంలో వైద్యం చేస్తే ఆ మనిషి నకిలీ వైద్యుడి కిందకే వస్తాడని. అక్కడ చనిపోయింది పూనం వర్మ భర్త, జ్వరానికి హోమియోపతి చదివిన వైద్యుడు అల్లోపతి మందులిచ్చాడు. రాష్ట్రం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఈ రూలు మారదు.

ఫిజియోథెరపిస్టులు డా. అని పెట్టుకోవచ్చా అన్న గొడవ ఇంకోటి. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 సెప్టెంబరు 9న పెట్టుకోకూడదని లేఖ ఇచ్చి, మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన కొత్త ఫిజియోథెరపీ సిలబస్ మాత్రం ముందు డా. పెట్టి చివర పీటీ అని రాయమంటుంది. నా అభిప్రాయం అడిగితే ఆ చివరి పీటీ అనేదే ముఖ్యం. పేషెంట్‌కి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియాలి, అంతే. పీహెచ్‌డీ చేసిన లెక్చరర్ డా. అని రాసుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు, ఆ డాక్టరేట్‌తో మందులు రాయనంత వరకు.

మెడికల్ షాపుల్లో ఫార్మసిస్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫార్మసీ చట్టం, 1948 ప్రకారం చీటీ చూసి మందులివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్ట్, లేదా ఆయన పర్యవేక్షణలో. 2015 నిబంధనల ప్రకారం తెల్లకోటు, దాని మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జీ ఉండాలి. గోడకి వేలాడే సర్టిఫికెట్ మీది ఫొటోలో ఉన్న మనిషి ఆ షాపులో ఎప్పుడూ కనబడకపోతే సర్టిఫికెట్ అద్దెకిచ్చారని అర్థం. అద్దెకిచ్చే బీఫార్మసీ పిల్లలకి ఒక మాట, నెలకొచ్చే ఆ నాలుగు వేల కోసం మీ రిజిస్ట్రేషన్‌నే పణంగా పెడుతున్నారు.

సీఏ, ఆడిటర్‌గారు

మన ఊళ్లలో ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేసే ప్రతివాళ్లనీ ఆడిటర్‌గారు అంటాం. రిటర్న్ వేయడానికి, అకౌంట్లు రాయడానికి సీఏ అక్కర్లేదు, ట్యాక్స్ కన్సల్టెంట్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, చాలామంది ఆ పని బాగా చేస్తారు కూడా. కానీ చార్టర్డ్ అకౌంటెంట్ అన్న పేరు 1949 చట్టం ప్రకారం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా సభ్యులదే. సభ్యత్వం ఉన్నా ప్రాక్టీస్ సర్టిఫికెట్ లేకపోతే బయటివాళ్లకి ఆడిట్ సంతకాలు పెట్టకూడదు. కంపెనీలో ఉద్యోగం చేసే బావగారు సీఏ కదా, ఆయనతో ఒక సంతకం పెట్టించుకుందాం అని అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తనిఖీకి అన్ని వృత్తుల్లోకీ సీఏలదే చక్కని పద్ధతి. పిల్లల్ని అమెరికా పంపేటప్పుడు నెట్‌వర్త్ సర్టిఫికెట్ తీసుకుంటారు కదా, దాన్నే చూడండి. 2019 నుంచి సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీదా యూడీఐఎన్ అని 18 అక్షరాల నంబరు ఉండాలి. అందులో మొదటి రెండు అంకెలు సంవత్సరం. తర్వాతి ఆరు అంకెలు ఆ సీఏ సభ్యత్వ నంబరు, సంతకం కింద వేసిన సభ్యత్వ నంబరుతో ఇది సరిపోవాలి. మిగతా పది అక్షరాలూ అంకెలూ సిస్టమ్ ఇచ్చేవి. ఇన్‌స్టిట్యూట్ వారి యూడీఐఎన్ పోర్టల్‌లో ఎవరైనా దీన్ని కొట్టి చూడొచ్చు, ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, తర్వాత ఆ కాగితం ఏ రకందో, ఏ తేదీదో, సీఏ నమోదు చేసిన ముఖ్యమైన అంకెలేవో కనబడతాయి. మీ చేతిలో ఉన్న కాగితం మీద 80 లక్షలు ఉండి అక్కడ 8 లక్షలు కనిపిస్తే ఎక్కడో ఎవరో కాగితం మార్చారు. సంతకం రోజే నంబరు రాకపోయినా కంగారు పడక్కర్లేదు, 60 రోజుల గడువు ఉంటుంది, కానీ నంబరు లేని కాగితం పట్టుకుని కాన్సులేట్‌కి వెళ్లొద్దు. నకిలీ సర్టిఫికెట్ అని తేలితే అక్కడ దెబ్బతినేది కన్సల్టెన్సీవాడు కాదు, మీ పిల్లాడి పాస్‌పోర్టు మీద వీసా చరిత్ర.

అమెరికాలో ఉన్న మన సీఏలకి కూడా ఒక మాట. అక్కడ సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) అనే పేరు ఆయా రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డులు ఇచ్చేది. ఇండియాలో సీఏ అయినంత మాత్రాన విజిటింగ్ కార్డు మీద సీపీఏ అని వేసుకోకూడదు. ఇండియాలో చార్టర్డ్ అకౌంటెంట్‌నని దేశం పేరుతో సహా చెప్పుకోండి.

లాయర్ దగ్గరికి వెళ్లేముందు

అడ్వకేట్స్ చట్టం, 1961 ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయినవాళ్లే అడ్వకేట్లు. హక్కు లేకుండా కోర్టులో ప్రాక్టీస్ చేస్తే సెక్షన్ 45 కింద ఆరు నెలల దాకా జైలు. ఎన్‌రోల్ అయ్యాక ఆలిండియా బార్ పరీక్ష కూడా రెండేళ్లలో పాసవ్వాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబరులో ముందు రాష్ట్రం అక్షరాలు, మధ్యలో నంబరు, చివర సంవత్సరం ఉంటాయి. వకాలత్ మీద, అంటే కేసు ఆయనకి అప్పగించే కాగితం మీద, సంతకం పెట్టేటప్పుడు ఆ నంబరు కళ్లారా చూడండి.

ఇంకో సులువైన దారుంది, చాలామందికి తెలియదు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ అడ్వకేట్ పేరుతో వెతికే వీలుంది. మీ జిల్లా కోర్టు ఎంచుకుని ఆయన పేరు కొడితే ఏయే కేసులు నడుపుతున్నారో వస్తాయి. ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పే మనిషి పేరు మీద ఒక్క కేసూ కనబడకపోతే నిలబెట్టి అడగండి. కొత్తగా వచ్చిన జూనియర్ అయితే తక్కువ ఉండటం సహజం, అది వాళ్ల తప్పు కాదు.

సీనియర్ అడ్వకేట్ అనే మాటని మనవాళ్లు జుట్టు నెరిసిన ప్రతి లాయర్‌కీ వాడేస్తారు. అది చట్టంలో సెక్షన్ 16 కింద హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే హోదా. ఆ హోదా వచ్చినవాళ్లు నేరుగా క్లయింట్ దగ్గర వకాలత్ తీసుకోరు, ఇంకో అడ్వకేట్ ద్వారా కేసు తీసుకుని వాదిస్తారు. మీ చేత వకాలత్ మీద తన పేరే రాయించుకుంటూ సీనియర్ అడ్వకేట్‌నని బోర్డు పెట్టుకున్నారంటే ఆ రెంటికీ పొంతన కుదరదు. బోర్డు విషయంలోనూ బార్ కౌన్సిల్ నియమం కచ్చితంగా ఉంది. బోర్డు మామూలు సైజులో ఉండాలి, ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్ట్‌నని రాయకూడదు, బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షుణ్ణని రాయకూడదు, ఒకప్పుడు జడ్జీగా చేశానని కూడా రాయకూడదు. డైవర్స్ స్పెషలిస్ట్, ల్యాండ్ స్పెషలిస్ట్ అని ఫ్లెక్సీలు వేసేవాళ్లు ఇది చదివితే బాగుండు.

ఫుల్‌టైమ్ జీతానికి ఉద్యోగంలో చేరినవాళ్లు బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీస్ ఆపాలి. ఉద్యోగం చేస్తూ కారు మీద అడ్వకేట్ స్టిక్కర్ అలాగే ఉంచుకోవడం సరికాదు.

ఆర్కిటెక్టూ ఇంజనీరూ ఒకటి కాదు

ఇల్లు కట్టేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడ. ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972లో సెక్షన్ 37 ఆర్కిటెక్ట్ అన్న పేరుని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైనవాళ్లకే ఇచ్చింది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్, నేవల్ ఆర్కిటెక్ట్ అనే రెండిటికి మాత్రం మినహాయింపు. మనవాళ్లలో వేలమంది చేసే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ ఉద్యోగం ఆ రోజుల్లో లేదు, కాబట్టి చట్టంలో దాని ఊసే లేదు.

డిజైన్ చేసే పని ఆర్కిటెక్టులదేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నోయిడా అనే ప్రభుత్వ అభివృద్ధి సంస్థలో అసోసియేట్ ఆర్కిటెక్ట్ అనే పోస్టుకి ఆర్కిటెక్చర్ డిగ్రీ లేని ఉద్యోగికి ప్రమోషన్ ఇవ్వొచ్చా అన్నది కేసు. 2020 మార్చి 17న కోర్టు చెప్పింది ఏమిటంటే, చట్టం ఆపింది పేరు వాడటాన్నే, పనిని కాదు. కానీ అదే తీర్పులో, రిజిస్టర్ కాని మనిషిని కూర్చోబెట్టే పోస్టుకి ఆర్కిటెక్ట్ అనే పేరు ఉండకూడదని, ఆ పేరు మార్చమని కూడా చెప్పింది. ప్రభుత్వ సంస్థకే ఈ మాట వర్తిస్తే వీధి చివర సివిల్ ఇంజనీర్‌కి వర్తించదా? ఇంటి ప్లాన్ గీయించుకోవడానికి ఆయన దగ్గరికి నిశ్చింతగా వెళ్లండి, ఇంజనీర్స్ అండ్ ఆర్కిటెక్ట్స్ అని బోర్డుంటే మాత్రం ఆర్కిటెక్ట్ ఎవరని అడగండి. రిజిస్ట్రేషన్ నంబరులో ముందు సీఏ అనే అక్షరాలు (ఇక్కడ చార్టర్డ్ అకౌంటెంట్ అని కాదు), తర్వాత సంవత్సరం, తర్వాత నంబరు ఉంటాయి, కౌన్సిల్ సైట్‌లో వెతికితే దొరుకుతుంది.

ఇంజనీర్ అనే పేరుకి మన దేశంలో ఇలాంటి చట్టం లేదు. బీటెక్ చేసినవాళ్లూ డిప్లొమావాళ్లూ అందరూ రాసుకుంటారు, తప్పూ కాదు. ఇంటి పర్మిషన్ కోసం మీకు నిజంగా కావాల్సింది లైసెన్స్. ఆంధ్రాలో మున్సిపల్ ప్లాన్లు అప్‌లోడ్ చేసేది ఎల్‌టీపీ, అంటే లైసెన్సు పొందిన టెక్నికల్ పర్సన్. ఆ లైసెన్స్ ఇప్పటికీ అమల్లో ఉందా, ఆయన పేరు మీదే ఉందా అని చూడండి, ఇంజనీర్ అన్న పేరు చూసి సరిపెట్టుకోవద్దు.

కెనడాలో ఉన్నవాళ్లకి మాత్రం ఇది వేరే కథ. అక్కడ ఇంజనీర్ అనేది లైసెన్స్ ఉన్నవాళ్ల పేరు, ఒంటారియోలో, క్విబెక్‌లో ఒక్కో ప్రావిన్సుకి ఒక్కో సంస్థ ఆ పేరుని కాపాడుతుంది. హైదరాబాద్‌లో పదేళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చేసి టొరంటో వెళ్లినవాళ్లు లింక్డ్‌ఇన్‌లో అదే పేరు ఉంచేస్తే నోటీసు రావచ్చు. 2023లో ఆల్బర్టా చట్టం మార్చి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్న పేరుకి మినహాయింపు ఇచ్చింది, దాన్ని మిగతా ప్రావిన్సులకి కూడా వర్తిస్తుందని అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ డెవలపర్ అని రాసుకోండి, జీతంలో ఏ తేడా రాదు.

మనసు, డబ్బు

టెన్షన్, డిప్రెషన్ అని వెళ్లేటప్పుడు కౌన్సెలర్, థెరపిస్ట్, లైఫ్ కోచ్, సైకాలజిస్ట్ అని రకరకాల బోర్డులు కనిపిస్తాయి. వీటిలో క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిజిస్టర్ ఉంది, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నడుపుతుంది, 1992 చట్టం. ఆ సెంట్రల్ రీహాబిలిటేషన్ రిజిస్టర్‌లోని సీఆర్‌ఆర్ నంబరు అడగండి. మందులు రాయాల్సింది సైకియాట్రిస్ట్, ఆయన డాక్టరే, పైన చెప్పిన పద్ధతిలోనే చూడొచ్చు. మిగతావాళ్లలో మంచివాళ్లు లేరని కాదు, కానీ పేరుని బట్టి మీకేమీ తెలియదు, ఏం చదివారు, ఎవరి దగ్గర శిక్షణ తీసుకున్నారు అని నోరు తెరిచి అడగాలి.

షేర్ల సలహాలు ఇచ్చే టెలిగ్రామ్ ఛానెళ్ల సంగతి: డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ నంబరు ఐఎన్‌ఏ అని, రీసెర్చ్ అనలిస్ట్ నంబరు ఐఎన్‌హెచ్ అని మొదలవుతుంది. మ్యూచువల్ ఫండ్ అమ్మే ఏజెంట్లు ఫైనాన్షియల్ అడ్వైజర్, వెల్త్ అడ్వైజర్ అన్న పేర్లు వాడకూడదని సెబీ 2020లో చెప్పింది, వాళ్లు డిస్ట్రిబ్యూటర్లు. ప్లాట్లు చూపించే ఏజెంట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి.

మీ పేరు పక్కన మీరేం రాసుకోవాలి

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆగండి, అదే మొదటి రూలు. ఆలోగా చదివింది చెప్పుకోవచ్చు, హోదా చెప్పుకోకూడదు. పేరు తర్వాత ఎల్‌ఎల్‌బీ అని రాయొచ్చు, అడ్వకేట్ అని రాయకూడదు. సీఏ ఇంటర్ పాసయ్యానని రెజ్యూమేలో ఉండొచ్చు, పేరు ముందు సీఏ అని ఉండకూడదు. నంబరు వచ్చాక చీటీ, లెటర్‌హెడ్, బోర్డు మూడిటి మీదా వేసుకోండి. రెన్యువల్ ఉన్న వృత్తుల్లో గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. పెళ్లి కార్డు మీద డా. అని వేసుకోవడం ఇంట్లోవాళ్ల సంతోషం, దాని జోలికి ఎవరూ రారు. అదే కార్డు చూసి పక్కింటావిడ నొప్పికి మందు అడిగితే రాసివ్వడం దగ్గర మాత్రం ఆగాలి.

కంపెనీ డెజిగ్నేషన్లకి చట్టం లేదు, వైస్ ప్రెసిడెంట్ అని పిలవాలనుకుంటే కంపెనీ ఎవరినైనా పిలుచుకోవచ్చు. కానీ రెజ్యూమేలో రాయాల్సింది ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న పేరే. మీ కంపెనీ మిమ్మల్ని అసోసియేట్ అని పిలిచి టీమ్ లీడ్ పని చేయించుకుంటే, పైన అసోసియేట్ అని రాసి, కింద వరుసలో ఏడుగురి టీమ్‌ని నడిపించానని రాయండి. అందులో అబద్ధం లేదు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి విషయమూ అర్థమవుతుంది. అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కునే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ల జోలికి వెళ్లకండి. పీఎఫ్ ఖాతాలు చూసే ఈపీఎఫ్ఓ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

నకిలీ అని తేలితే

ముందు గొడవకి దిగొద్దు. బోర్డు ఫొటో, మందుల చీటీ, రసీదు, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, రిజిస్టర్‌లో వెతికితే పేరు రాలేదని చూపించే స్క్రీన్‌షాట్, తేదీలతో సహా ఒకచోట పెట్టుకోండి. వైద్యుడి మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కీ జిల్లా వైద్యాధికారికీ, లాయర్‌నని చెప్పుకున్న మనిషి మీదైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కీ, సీఏ అయితే ఇన్‌స్టిట్యూట్‌కీ, ఆర్కిటెక్ట్ అయితే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కీ రాయండి. ఇక్కడ ఒక తేడా ఉంది. ఈ సంస్థలు తమ సభ్యుల మీదే క్రమశిక్షణ చర్య తీసుకోగలవు. అసలు సభ్యుడే కాని మనిషి మీద పోలీస్ కేసు కావాలి. డబ్బు పోయి ఉంటే భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, వేరే మనిషిగా నటించి మోసం చేసినందుకు 319 సెక్షన్లు ఉన్నాయి, 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 420, 419. స్టేషన్‌లో రాసిచ్చే కాగితంలో నకిలీ డాక్టర్ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఫలానా తేదీన ఫలానా పేరుతో చీటీ ఇచ్చారు, ఇంత డబ్బు తీసుకున్నారు, ఫలానా రిజిస్టర్‌లో వెతికితే ఆ పేరు లేదు అని వరసగా రాయండి, జతచేసిన కాగితాలకి నంబర్లు వేసి, ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకునే బయటికి రండి.